షెడ్డు గేటు దగ్గర సున్నా

అక్టోబరు 3, గురువారం

లెక్కల పుస్తకంలో వెనక వైపు నలభై పేజీలు ఖాళీగా మిగిలాయి. పుస్తకాన్ని తలకిందులుగా తిప్పి వాటిలో రాస్తున్నాను. ముందు వైపు ఇంటిది, వెనక వైపు నాది.

లైసెన్సు వచ్చి ఇవాళ్టికి యాభై రెండు రోజులు. సరూర్‌నగర్ రైతుబజారుకు ఒక్కదాన్నే వెళ్లి వచ్చాను. వెళ్లేటప్పుడు రెండుసార్లు, వచ్చేటప్పుడు ఒకసారి ఇంజను ఆగిపోయింది. గేటులోకి బండి వెనక్కి పెడుతుంటే మా ఆయన అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. స్టీరింగ్ కట్ చెయ్ అనో, ఇంకా రా అనో ఒక్క మాట అంటాడేమోనని చూశాను. అనలేదు.

ఎడమ సీటులో కూరగాయల సంచి పెట్టుకొచ్చాను. మొన్న ఆ సీటులో కూర్చోమంటే, "అది క్లీనర్ సీటు. ఇరవై ఎనిమిదేండ్లు స్టీరింగ్ పట్టినోణ్ని, గిప్పుడు క్లీనర్ జాగల కూసోవాల్నా" అన్నాడు. సరే, వెనక కూర్చోమన్నాను. అది ఓనరు సేటు కూర్చునే చోటట.

అక్టోబరు 5, శనివారం

కళ్ల దవాఖానకు తీసుకెళ్లాను, ఆటోలో. నా బండి ఎక్కడు కదా. గ్లకోమా అలాగే ఉంది, పెరగలేదు. పెరగకపోవడమే మంచి వార్త అన్నారు. ఎదుటిది కనిపిస్తుంది, పక్కన ఉన్నది కనిపించదు. బండి నడపొద్దని చెప్పింది మే ఆరున. ఆ రోజు ఇంటికి వచ్చి తాళాలు నా చేతిలో పెట్టాడు. పోపుల డబ్బా పక్కన మేకుకు తగిలించాను.

నల్లగొండ తోటల నుంచి గడ్డిఅన్నారం మార్కెట్‌కు బత్తాయిలు తెచ్చిన మనిషి. మార్కెట్ అక్కడి నుంచి లేచిపోయాక సేటు లారీలు అమ్ముకున్నాడు. ఈయన చిన్న కారు కొని మూడేళ్లు కిరాయికి తిప్పాడు. ఆ కారు తుప్పు పట్టకూడదనే నేను డ్రైవింగు నేర్చుకున్నాను. వేరే కారణం ఏమీ లేదు.

ఈ ఐదు నెలల్లో ఆయన తిరిగిన దూరం అరుగు నుంచి టీవీ దాకా.

అక్టోబరు 9, బుధవారం

రేపు సద్దుల బతుకమ్మ. పై వాటాలో ఉండే అమ్మాజీగారు తంగేడు పూలు ఎక్కడ దొరుకుతాయో అడగడానికి కిందికి వచ్చారు. వాళ్లది తెనాలి దగ్గర. భర్త పట్టాభిగారు బీమా ఆఫీసులో రిటైరై కొత్త కారు కొన్నారు. ప్రతి ఆదివారం ఎటైనా పోదామంటారట.

"ఎటెళ్లినా ఆ పెద్దరోడ్డేనండీ. టోల్‌గేటు, బిర్యానీ హోటలు, మళ్లీ టోల్‌గేటు. చూడ్డానికి ఏముందని?" అని ఆమె అంటుంటే లోపలి నుంచి ఆయన గొంతు వినిపించింది.

"సాగర్ రోడ్డు మీదికెల్లి గుట్టల్లకు మలుగుర్రి. ఆడ తంగేడేంది, సీతాఫలం అడివే ఉన్నది."

తర్వాత బయటికి వచ్చి, గడప మీద చెయ్యి పెట్టి, ఇరవై నిమిషాలు మాట్లాడాడు. గోడ గడియారం చూశాను కాబట్టి తెలుసు. పెద్దరోడ్డు మీద బండ్లు ఆగిపోయినప్పుడు లోడుతో ఆ గుట్టల దారిలో వచ్చేవాళ్లట. చెరువు కట్ట మీద ఒక కిలోమీటరు. ఆ తర్వాత రెండు గుట్టల నడుమ ఒక్క లారీ మాత్రమే పట్టే సందు. సందు దాటగానే కింద కనుచూపు మేర వరి. పెళ్లయిన కొత్తలో ఈ మాటలు ఒకసారి విన్నాను. చూపిస్తానన్నాడు. తర్వాత ఆయనకు లోడు, నాకు ఇల్లు.

అమ్మాజీగారు అంతా విని, ఇవన్నీ మాకు గుర్తుండవు అన్నయ్యగారూ, ఫోన్లో పెట్టి పంపండి అన్నారు. అది ఫోన్ల ఉండదమ్మా అని ఆయన లోపలికి వెళ్లి టీవీ పెట్టుకున్నాడు.

ఫోన్లో లేకపోతే దేంట్లో పెట్టొచ్చో కనుక్కోవాలి. అమ్మాజీగారి కోసం.

అక్టోబరు 14, సోమవారం

దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాను. మన కారుకు సీటు కవర్లు వేసిన మహేష్ దుకాణంలోనే దారి చూపే మిషన్లు కూడా ఉన్నాయి. ఫ్రిజ్ కొన్నప్పుడు చేసినట్టే స్కేలుతో గీతలు గీసి పట్టిక వేసుకుని వెళ్లాను. అడ్డంగా మూడు రకాలు: చేతిలో ఉన్న ఫోను, కారు ముందు భాగంలో బిగించే పెద్ద తెర, అద్దానికి అతికించే ఏడంగుళాల విడి మిషను. నిలువుగా నా ప్రశ్నలు.

నేను చెప్పిన దారినే పడుతుందా, లేక దానికి నచ్చిన దగ్గర దారి పట్టిస్తుందా? గుట్టల్లో సిగ్నల్ పోతే పనిచేస్తుందా? ఒక బండిలో పెట్టిన దారిని ఇంకో బండికి పంపొచ్చా?

ఈ మూడూ మహేష్‌ను అడిగాను. పెద్ద తెరైతే అన్నీ అదే చూసుకుంటదని, ఎక్కడ చెరువుంది, ఎక్కడ గుట్ట ఉంది, ఎక్కడ ఫొటో దిగాలె, అన్నీ అదే చెప్తదని అన్నాడు. మీరు ఊకె కూసోవచ్చు మేడం అన్నాడు.

నాలుగో ప్రశ్న అతన్ని అడగలేదు. ఇక్కడ రాస్తున్నాను. దారి తెలిసిన మనిషికి అందులో పని మిగులుతుందా?

అక్టోబరు 16, బుధవారం

ఫోనును పరీక్షించాను. ఇబ్రహీంపట్నం దాకా వెళ్లి, చెరువు వైపు చిన్న రోడ్డు పట్టాను. వెనక్కి తిరగమని నాలుగుసార్లు చెప్పింది. ఐదోసారి అలిగినట్టు చుక్క తిరుగుతూ ఉండిపోయింది. సిగ్నల్ లేదు. ఫోనుకు మొదటి రెండు గళ్లలో ఇంటూలు పెట్టాను.

ఒక్కసారి కూడా ఇంజను ఆగలేదు. ఇది పట్టికలో రాయడానికి గడి లేదు.

అక్టోబరు 18, శుక్రవారం

విడి మిషను తీసుకున్నాను. ధర ముందు వైపు పేజీల్లో ఉంది.

మహేష్ వద్దనే అన్నాడు. అది పాత మోడల్ అట, మంచి దారి ఏదో తనంతట తాను వెతకలేదు. ప్రతి మలుపూ మనిషే గుర్తు పెట్టాలి. పెట్టాక మాత్రం ఆ దారి వదలదు, సిగ్నల్ అడగదు, దారి మొత్తాన్ని ఇంకొకరి ఫోనుకు పంపుతుంది. మలుపులు మనిషే చెప్పాలా అని రెండుసార్లు అడిగి, అయితే అదే కావాలన్నాను. "పిల్లకు సంబంధం చూసినా ఇన్ని ప్రశ్నలు అడగరు మేడం" అని బిల్లు రాశాడు.

ఆయన డబ్బా చూసి ఎందుకన్నాడు. అమ్మాజీగారు వాళ్లు ఆదివారాలు తిరగడానికి అన్నాను. నిజమే కదా.

అక్టోబరు 22, మంగళవారం

మధ్యాహ్నం అన్నాలయ్యాక మిషను ముందు పెట్టుకుని, గుట్టల దారి ఎట్ల పోవాలె అని మామూలుగా అడిగినట్టు అడిగాను. ఎవరికి అన్నాడు. పై వాటా వాళ్లకు. ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"సున్నా పెట్టినవా?"

"పెట్టిన."

మిషన్లో ఇల్లు బొమ్మ ఉంది. దాన్ని నొక్కితే బయల్దేరే చోటు మన ఇల్లు అవుతుంది. అదే నొక్కాను.

ఇక ఆయన కళ్లు మూసుకుని చెప్పాడు. లారీవాళ్లు ఊరి పేర్లతో చెప్పరు, కిలోమీటర్లతో చెబుతారు. "ముప్పై ఏడుల ఆర్చి. ఆర్చి దాటంగనే ఎడమకు. నలభైల చెరువు కట్ట ఎక్కుతది. నలభై ఒకటిల కట్ట దిగి కుడికి. నలభై ఆరుల సందు." చెప్పేటప్పుడు ఎడమ చెయ్యి గేరు మీద ఉన్నట్టు కదిలింది. సందు దగ్గర ఎడమ కాలితో నేలను తొక్కాడు. క్లచ్చి.

నేను తెర మీద రోడ్డును జరుపుతూ, అది చూపించే దూరం ముప్పై ఏడు రాగానే గుర్తు పెట్టాను. సరిగ్గా అక్కడ మలుపు లేదు, నాలుగు వందల మీటర్ల అవతల ఎడమకు ఒక సన్న గీత ఉంది. అదే అయి ఉంటుంది. అలా మొత్తం తొమ్మిది గుర్తులు. గంటా పది నిమిషాలు పట్టింది.

చివర్లో ఆయన టీ అడిగాడు. మే నెల నుంచి నేను పెడితే తాగుతున్నాడు తప్ప అడగలేదు.

అక్టోబరు 23, బుధవారం

దారిని పట్టాభిగారి ఫోనుకు పంపాను. చేరింది. ఆయన బొటనవేలి బొమ్మ పెట్టారు.

అక్టోబరు 27, ఆదివారం

రెండు కార్లలో వెళ్లాం. ఆయన రాలేదు. "మొదాలు మీరు పోయి చూడుర్రి. దారి మంచిగుంటే మల్లా ఐతారం చూద్దాం" అన్నాడు. చూద్దాం అన్నాడు.

ముందు నేను, వెనక వాళ్లు. ముప్పై ఏడు దగ్గర ఆర్చి కనిపించలేదు. కూలగొట్టి ఉంటారనుకున్నాను. మిషను ఎడమకు తిరగమంది, తిరిగాను. అర కిలోమీటరు తర్వాత ఒక కోళ్ల ఫారం గేటు దగ్గర రోడ్డు అయిపోయింది. వెనక్కి వచ్చి రెండో గుర్తు పట్టుకున్నాం. చెరువు కట్ట ఉండాల్సిన చోట కంకర మిషను ఉంది. పట్టాభిగారి కొత్త కారు ఐదు నిమిషాల్లో పిండి జల్లించినట్టు తెల్లబడింది. అద్దాలు దించే వీలు లేక పులిహోర కార్లలోనే తిన్నాం. అద్దం అవతలి నుంచి పట్టాభిగారు ఫోను చేసి, చెల్లెమ్మా, ఈ వ్యూ కోసం జనం ఎగబడకపోవడం ఆశ్చర్యంగా ఉంది అన్నారు. నవ్వాను. అప్పటికి నాకూ నవ్వే వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి ఆయన అరుగు మీద ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

అమ్మాజీగారిది కల్లాకపటం లేని మనసు. కోళ్ల ఫారం, కుక్కలు, కంకర, అన్నీ అభినయించి మరీ చెప్పారు. ఆయన కూడా నవ్వాడు. తర్వాత, "ఆర్చి?" అని అడిగాడు. లేదన్నయ్యగారూ అన్నారు. "చెరువు?" లేదండీ. "సందు?" ఏ సందూ లేదండీ, అంతా దుమ్మే.

వాళ్లు పైకి వెళ్లాక చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు.

"కండ్లే పోయినయనుకున్న. తలకాయల దారి గూడ పోయినట్టున్నది" అన్నాడు. కోపంగా అనలేదు. సిలిండరు అయిపోయిందన్నట్టు అన్నాడు.

అక్టోబరు 28, సోమవారం

బెండకాయ వేపుడు, చారు. రాయడానికి ఇంకేం లేదు.

అక్టోబరు 29, మంగళవారం

వంటింట్లో ఉండగా గేటు దగ్గర ఎవరో ట్రాలీ ఆటో ఆపి, సరూర్‌నగర్ స్టేడియానికి ఎటు పోవాలి పెద్దాయనా అని అడిగారు.

"నాకు తెల్వదు బిడ్డా. ఎవర్నన్న అడుగు."

చేతిలో గరిటెతోనే బయటికి వెళ్లి నేను చెప్పాను. స్టేడియం మన ఇంటికి మూడు మలుపుల దూరం. ఆయన నా వైపు చూడలేదు.

మిషను మీద నాకు చాలా కోపంగా ఉంది. మ్యాపు పాతదై ఉంటుంది. మహేష్‌కు చెప్పాల్సిన ఫిర్యాదులు ఏడు రాసుకున్నాను.

అక్టోబరు 30, బుధవారం

మహేష్ ఏడు ఫిర్యాదులకూ మిషను ఆన్ చేసి చూపించి సమాధానం చెప్పాడు. మ్యాపు ఈ ఏడాదిదే. మిషన్లో తప్పేం లేదు మేడం, గుర్తులు ఎవరు పెట్టిండ్రు అన్నాడు. మా ఆయన చెప్పాడు, నేను పెట్టాను అన్నాను. "పెద్దమనిషి కదా, మర్చిపోయి ఉంటడు."

మా ఆయనకు ఏదీ మర్చిపోయే అలవాటు లేదు అని, కొంచెం గట్టిగానే అని వచ్చేశాను. దారంతా ఆ మాటే అనుకుంటూ వచ్చాను. అలవాటు లేదు.

నవంబరు 4, సోమవారం

బ్యాంకుకు వెళ్తున్నానని చెప్పి సాగర్ రోడ్డు పట్టాను. మిషను ఆపేసి, ఇంటి గేటు దగ్గర కారు మీటరు సున్నా చేసుకున్నాను. ఈసారి తెరను చూడను, రోడ్డును చూస్తాను అనుకున్నాను.

ముప్పై ఒకటి దగ్గర ఆర్చి కనిపించింది.

కూలగొట్టలేదు. నీలం రంగు వేశారు. దాటగానే ఎడమకు రోడ్డు. ఆ ఆదివారం దీని పక్కనుంచే వెళ్లాం, ముప్పై ఏడు ఎప్పుడొస్తుందా అని తెరనే చూస్తూ. తిరిగాను. ముప్పై నాలుగులో చెరువు కట్ట. ఈ ఏడు వానలకు నీళ్లు కట్ట అంచుదాకా ఉన్నాయి. ముప్పై ఐదులో కట్ట దిగి కుడికి. నలభైలో రెండు గుట్టలు, నడుమ సందు.

సందు దాకా వెళ్లి కారు ఆపాను. దాటలేదు. అవతల ఏముందో ఆయన చెప్పాడు కదా. ఒక్కదాన్నే చూడాలనిపించలేదు.

బండిలో కూర్చుని చీటీ వెనక రాసుకున్నాను. ఆయన చెప్పినవి ఒక వరస, నేను చూసినవి ఒక వరస, నడుమ తేడా. ఆరు, ఆరు, ఆరు, ఆరు.

ఇరవై ఏళ్లు ఆయన చొక్కాలు ఉతికే ముందు జేబుల్లోంచి ట్రిప్ షీట్లు తీసి ఆరబెట్టింది నేనే. అన్నింటి మీదా మొదటి గీత ఒకటే. షెడ్డు గేటు, సున్నా. ఆ షెడ్డు మూసారాంబాగ్‌లో. లారీ ఎప్పుడు కదిలినా అక్కడి నుంచే లెక్క. అక్కడి నుంచి మన ఇంటి ముందుకు వచ్చేసరికి మీటరు మీద ఆరు ఉంటుంది.

సున్నా పెట్టినవా అని అడిగాడు. పెట్టిన అన్నాను.

ఆయన ఒక్క మలుపు కూడా మర్చిపోలేదు. తప్పు నాది. ఇక్కడ రాశాను కదా.

నవంబరు 5, మంగళవారం

నిన్న ఎక్కడికి పోయినవ్ అని అడిగాడు. బ్యాంకు అని చెప్పాను కదా అన్నాను. కారు చక్రాల దగ్గరికి వంగి చూసి, "బ్యాంకుల మట్టి ఎర్రగున్నట్టున్నది" అన్నాడు.

ఆయనకు జలుబు చేసింది. జలుబు తగ్గాక చెబుతాను.

నవంబరు 7, గురువారం

తొమ్మిది గుర్తులనూ ఆరు కిలోమీటర్లు వెనక్కి జరిపాను. ఇప్పుడు ప్రతి గుర్తూ రోడ్డు మీద కచ్చితంగా కూర్చుంది, నాలుగు వందల మీటర్ల సర్దుబాటు ఎక్కడా అవసరం పడలేదు. మొదటిసారే అనుమానం రావలసింది. దారిని పట్టాభిగారికి మళ్లీ పంపాను. ఈసారి సరిగ్గా ఉంటుందని మాత్రం చెప్పాను.

దారి సరైతే చాలు. ఎవరిది తప్పు అన్నది ఎవరికి కావాలి.

నవంబరు 8, శుక్రవారం

జలుబు తగ్గింది. ఇంట్లో పనులు ఎక్కువగా ఉన్నాయి.

నవంబరు 10, ఆదివారం

అమ్మాజీగారు వాళ్లు వెళ్లారు. ఆయన రానన్నాడు, అందుకని నేనూ వెళ్లలేదు. ఇవాళ చొక్కా మార్చుకోలేదు.

మూడింటికి తిరిగి వచ్చారు, గంపెడు సీతాఫలాలతో. ఆఖరి కాపట, గుట్ట కింద ఒక ముసలమ్మ అమ్ముతోందట. అమ్మాజీగారి చీర కుచ్చిళ్ల నిండా పల్లేరుకాయలు. "అన్నయ్యగారూ, మీరు చెప్పిందంతా ఉందండీ. ఆర్చి ఉంది, చెరువుంది, సందుంది. ఆ సందులోంచి దిగుతుంటే ఈయన బండి ఆపేసి పావుగంట మాట్లాడలేదు. ఈయన మాట్లాడకుండా ఉండడం పెళ్లయ్యాక ఇదే చూడ్డం."

ఫోన్లో ఫొటో చూపించారు. ఆయన ఫోనును ముఖానికి ఎదురుగా, చూపు ఉన్నచోట పట్టుకుని చాలాసేపు చూశాడు. "గిదే" అన్నాడు.

 ఇక అంతా సరైనట్టే అనుకున్నాను. అప్పుడు ఆయన ఫోను తిరిగి ఇచ్చేస్తూ నాతో అన్నాడు.

"మిషను దిద్దుకున్నది. మంచిదే కొన్నవ్. ఇంక మనిషి చెప్పే పని లేదు."

చేతిలో సీతాఫలాల పళ్లెంతో నిలబడ్డాను. అప్పుడే చెప్పాల్సింది. అమ్మాజీగారు, పట్టాభిగారు ఇద్దరూ ఉన్నారు. లెక్కలో ఎక్కడైనా తేడా వస్తే పై వాటా నుంచి కిందికి తెచ్చి నాచేత చూపించుకునే వాళ్లు. వాళ్ల ముందు నా లెక్కే తప్పిందని ఎలా అనను.

నవంబరు 11, సోమవారం

పట్టిక తీసి చూశాను. నాలుగో ప్రశ్న ఎదురుగా విడి మిషను గడిలో టిక్కు ఉంది. రబ్బరుతో తుడిచాను.

నవంబరు 13, బుధవారం

చెప్పేశాను.

మధ్యాహ్నం ఆయన అరుగు మీద సీతాఫలం తింటున్నాడు. పెట్టె అడుగు నుంచి పాత ట్రిప్ షీట్లు నాలుగు తీసుకెళ్లి ఆయన ముందు పరిచాను. ఏందియ్యి అన్నాడు.

"మిషను ఏం దిద్దుకోలే. దిద్దింది నేను. తప్పు పెట్టింది గూడ నేనే."

"ఏం తప్పు?"

"సున్నా. నువ్వు షెడ్డు గేటు కాడికెల్లి చెప్పినవ్. నేను మనింటి కాడికెల్లి పెట్టిన."

గింజలు చేతిలోకి ఉమ్మి, వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. ముప్పై ఏడంటే, అని ఆగాడు. ముప్పై ఒకటి అన్నాను.

"ఆర్చి ఉన్నదా?"

"ఉన్నది. నీలం రంగేసిండ్రు."

"నువ్వు చూసినవా?"

"బ్యాంకుకు పోయిన నాడు."

చేతిలోని గింజలు పక్కన పెట్టాడు. తర్వాత ఆయన భుజాలు కదలసాగాయి. దగ్గనుకున్నాను. నవ్వు.

"అంటే నీ లెక్క తప్పింది."

"తప్పింది."

"మల్లొకపారి చెప్పు."

"తప్పిందంటున్న గద."

"గట్టిగ చెప్పు, పట్టాభి సారుకు ఇనవడాలె."

గట్టిగానే చెప్పాను. పైన కిటికీ తెరుచుకుంది. ఏమైంది చెల్లెమ్మా అని పట్టాభిగారు తొంగిచూస్తే, కోళ్ల ఫారం నాది కాదు సారూ, ఈమెది, అని ఆయనే పైకి అరిచి చెప్పాడు.

నవ్వు ఆగాక అడిగాడు, ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే అని. జలుబు అనబోయాను. పనులు అనబోయాను. 

"నా లెక్క ఎన్నడు తప్పలే. గందుకు. నువ్వు తలకాయ పోయిందనుకుంటున్నవని తెల్సి గూడ చెప్పలే."

ఆయన నా వైపు పూర్తిగా తిరిగాడు. ఇప్పుడు ఎవరినైనా చూడాలంటే అలాగే తిరగాలి.

"ఇరవై ఎనిమిదేండ్లల నేను ఎన్నిసార్లు దారి తప్పిననో నీకు తెల్వదు. క్లీనర్‌కు తెల్సు. మీటరు సున్నా చేసేది వాడే, నంబరు అరిచేది వాడే, ఈ చీటీల రాత గూడ వానిదే. నేను తొక్కుడు వరకే."

షీట్లు తీసి చూశాను. ఇరవై ఏళ్లు ఆరబెట్టాను, ఆ చేతిరాత ఆయనది కాదని ఎప్పుడూ గమనించలేదు.

నవంబరు 16, శనివారం

మిషన్లో బయల్దేరే చోటును షెడ్డు గేటుకు మార్చమన్నాడు. మార్చాను. తొమ్మిది గుర్తులకూ మళ్లీ పాత నంబర్లే వచ్చాయి. ముప్పై ఏడు, నలభై, నలభై ఒకటి, నలభై ఆరు.

దారికి పేరు పెట్టమని అడుగుతోంది మిషను. బత్తాయి లోడు అని పెట్టమన్నాడు. పట్టాభిగారికి ఆ పేరుతోనే పంపాను. వాళ్ల తమ్ముడికి, వాళ్ల ఆఫీసు స్నేహితులు ఇద్దరికి పంపుకున్నారట. ఇంకో దారి కావాలంటున్నారు. దేవరకొండ దిక్కు ఒకటి ఉంది గానీ, రేపు పోయి వచ్చినంక చెప్త అన్నాడు.

రేపు పోయి వచ్చినంక.

నవంబరు 17, ఆదివారం

ఆరింటికే తయారై, ఉతికిన చొక్కా వేసుకుని, కారు చుట్టూ ఒకసారి తిరిగి నాలుగు టైర్లనూ కాలితో తన్ని చూశాడు. ఎడమ తలుపు తీసి కూర్చున్నాడు. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను.  సీటును వెనక్కి జరుపుకుంటూ ఇంత ఇరుకుల కూరగాయలెట్ల పట్టినయ్ అన్నాడు.

గేటు దాటగానే ఎడమకు తిరగబోయాను, సాగర్ రోడ్డు అటే కదా. కుడికి అన్నాడు.

గుట్టలకు పూర్తిగా ఎదురు దిక్కు. చైతన్యపురి దాటాం, మెట్రో కింద దిల్‌సుఖ్‌నగర్ దాటాం. మా వెనకే వాళ్ల కారులో వస్తున్న అమ్మాజీగారు ఫోను చేశారు, వదినగారూ, సూర్యుడు వెనకనున్నాడు, మనం కరెక్టుగానే వెళ్తున్నామా అని. కరెక్టే అన్నాను.

మూసారాంబాగ్‌లో షెడ్డు లేదు. ఆ చోట టైర్ల షోరూం ఉంది, ఇంకా తెరవలేదు. కానీ గేటు పాతదే. ఆకుపచ్చ రంగు కింద సేటు పేరులో రెండు అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి. ఆయన అద్దం దించి, వాటిని ఎదురుగా చూడడానికి మెడ పూర్తిగా తిప్పాడు.

తర్వాత నా వైపు వంగి, మీటరు మీటను వేలితో వెతికి పట్టుకుని నొక్కాడు. సున్నాలు పడ్డాయి.

"ఆ, పోనియ్" అన్నాడు.

సందు దాటాం. వరి కోతకు వచ్చింది. దాని గురించి ఇక్కడ రాయను, చూశాను.

ముప్పై ఏడు నుంచి చివరిదాకా ప్రతి నంబరూ ఆయనే అరిచాడు, మిషను కంటే ముందు. రెండుసార్లు మిషను గెలిచింది. దాని సౌండు తగ్గించమన్నాడు.

ఇంటికి వచ్చాక, పుస్తకం ఉన్నది గద, షీటు రాయమన్నాడు. ఈ పుస్తకం సంగతి ఎట్ల తెలుసని అడిగితే తలకిందులు పట్టుకుని రాస్తుంటే ఎవరికి తెల్వదన్నాడు. ఆయన చెప్పినట్టే రాస్తున్నాను.

షెడ్డు గేటు: 0
బయల్దేరిన టైము: 6.40
లోడు: పులిహోర, మంచినీళ్లు. తిరుగు లోడు: సీతాఫలం ఒక గంప
దారిలో ఆగినది: ఒకసారి, సందు అవతల
డ్రైవర్: సంధ్యారాణి
క్లీనర్: అంతయ్య